ఒంటిచేత్తో మూసే కత్తి

పార్సిళ్ళ గోదాములో ఎడమచెయ్యి పోగొట్టుకున్న చెల్లెలు, కొట్లో మడతకత్తులు ఒక్కొక్కటే తీసి చూస్తోంది. పక్కన అన్నయ్యకి ఓపిక నశించింది.

"ఆ ఎర్రపిడిది తీసుకోవే, ముచ్చటగా ఉంది."

"దాన్ని గోరుతో లాగి తెరవాలి. రెండో చెయ్యి నువ్విస్తావా?"

"అందుకే పని మానెయ్యమంటున్నా. నేను పోషించనా?"

"పోషిస్తావు. ముద్దలు కలిపి నోట్లో కూడా పెడతావు. అదే నా భయం."

"పార్సిళ్ళ తాళ్ళు కోయలేనిదానికి గోదాములో ఏం పనని మేనేజరు అననే అన్నాడు."

"అన్నాడు కాబట్టే వచ్చా."

తేలికపాటి నల్లకత్తిని ఆమె బొటనవేలితో నెట్టగానే తెరుచుకుంది.

"మరి మూసేదెలా? ఇటివ్వు, వేలు తెగుతుంది."

"చెయ్యి తియ్యన్నయ్యా!"

పిడిలోని గొళ్ళెం నొక్కిపట్టి, కత్తి వెన్నును తొడకి ఆనించి నెట్టింది. టక్కున మూసుకుంది.

"ఇదే కావాలి. పద గోదాముకి. మేనేజరు ఎదుటే తాడు కోస్తా. నువ్వు చూస్తూ నిలబడు. సాయానికొచ్చావో, ఊరుకోను!"