ఉల్వెన్ సరస్సు దాటి వచ్చిన స్కీలు

మీరేం చూశారో ముందు చెప్పండి. తొందరేం లేదు. సరిగ్గా గుర్తు తెచ్చుకునే చెప్పండి.

ఏప్రిల్ నెలాఖరు. ఇంకా మంచు కరగని కొండ మీద ఒక చెక్క బస. దాని దక్షిణపు గోడ ఎండకు కాగి తారు వాసన కొడుతోంది. ఆ గోడకు నాలుగు జతల స్కీలు ఆనించి ఉన్నాయి, తడి ఆరడానికి అడుగులు ఎండవైపు తిప్పి. రెండు జతలు కొత్తవి, ఎర్రవి. మూడోది బస నడిపే గున్‌వోర్‌ది, ముక్కు దగ్గర విరిగితే రేకు ముక్క వేసి బిగించింది. నాలుగోది పాత చెక్క స్కీల జత. దాని అడుగున గోధుమరంగు జిగురు మైనం పూసి ఉంది. ఆ మైనంలో సన్నగా, పచ్చగా ఏవో అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య నల్లటిదేదో కదులుతోంది. చూశారు కదా. గుర్తు పెట్టుకోండి. తర్వాత నేనడిగినప్పుడు చూడలేదనకండి.

ఆ గోడ కింద బల్ల మీద నలుగురు కూర్చుని నారింజలు ఒలుచుకుంటున్నారు. ఒక చివర గున్‌వోర్, కాఫీ కెటిల్ ఒళ్ళో పెట్టుకుని. ఆవిడకు అరవై దాటాయి. చలికాలమంతా ఈ బసలోనే ఉంటుంది. మధ్యలో యోరున్, ఆమె భర్త స్వెనుంగ్. ఐదు రోజులుగా పై కొండల్లో స్కీల మీద తిరిగి ఆ పొద్దునే కిందికి దిగారు. వాళ్ళ కారు ఉల్వెన్ సరస్సు అవతలి ఒడ్డున ఉంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. రెండో చివర టొల్లెఫ్. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఇల్లు అవతలి ఒడ్డునే. ప్రతి ఆదివారం సరస్సు దాటి వచ్చి గున్‌వోర్ కాఫీ తాగి పోతాడు.

"ఈ పొద్దున ఎంత బాగుందో అక్కా," అంటోంది యోరున్. "ఆరింటికి బయలుదేరితే మంచు గాజుపలక. స్కీ అంచు దిగనే దిగదు, ఇద్దరం బర్రున జారిపోయాం. ఈయనైతే కూర్చునే దిగాడు సగం కొండ."

"చూడ్డానికి కూర్చున్నాను," అన్నాడు స్వెనుంగ్.

"తొమ్మిదిన్నరకు పైపొర కరిగి పంచదార పలుకుల్లా అయింది. ఇంక అక్కణ్ణుంచి చూడు, స్కీలు వాటంతట అవే పోతున్నాయి. ఎక్కడికంటే అక్కడికి పోవచ్చు, దారి అక్కర్లేదు. మొహం మీద ఎండ, కాళ్ళ కింద ఆ చప్పుడు. ఆ గంటసేపు నాకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, ఈయన కూడా గుర్తులేడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడేముంది, నానిన అటుకులు."

గున్‌వోర్ నవ్వింది. వసంతంలో మంచు రోజుకు మూడు వేషాలు వేస్తుంది. మధ్యాహ్నం వేషం ఎవరికీ నచ్చదు.

"పొద్దున మంచు గురించి నాకు చెబుతున్నావా అమ్మాయ్," అన్నాడు టొల్లెఫ్, నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుని. "నేనేం పెద్దగా చెప్పుకోను. పొయ్యి మీద కాఫీ పెట్టాను, అది మరిగేదాకా ఊరికే కూర్చోవడం దేనికి, గున్‌వోర్‌ని పలకరించి వద్దామని సరస్సు మీదుగా ఇలా వచ్చాను. అంతే."

స్వెనుంగ్ నారింజ ఒలవడం ఆపాడు. "సరస్సు మీదుగానా? కొమ్మలు పీకేశారుగా తాతా."

ఆ కొమ్మల సంగతి అక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. చలికాలం మొదట్లో ఊరివాళ్ళంతా కలిసి గడ్డకట్టిన సరస్సు మీద బిర్చి చెట్టు కొమ్మలు వరసగా పాతుతారు. కొమ్మలు ఉన్నంతకాలం అది దారి. కింద గడ్డ మీద నమ్మకం పోయిన రోజున వాళ్ళే వచ్చి పీకేస్తారు. పోయిన ఆదివారం ముగ్గురితో కలిసి పీకింది గున్‌వోరే. చివరి కొమ్మ లాగినప్పుడు ఆ చిల్లులోంచి నీళ్ళు బుడబుడమని పైకి వచ్చాయి. ఆరేళ్ళ క్రితం కొమ్మలు పీకాక ఒకతను దాటబోయాడు. మేలో ఊరివాళ్ళకు అతని ఎర్రటి చేతితొడుగు ఒక్కటే దొరికింది.

"కొమ్మలు పీకితే సరస్సు అలిగి వెళ్ళిపోతుందా బాబూ," అన్నాడు టొల్లెఫ్. "గడ్డ వాసన పసిగట్టాలి. ఒడ్డున నిలబడి ముక్కు ఎగబీల్చాను, ఇనుము వాసన కొట్టింది, అంటే రెండు మూరల మందం. ఒక్క తోపు తోశాను, రెండు కర్రలతో, ఒకే ఒక్క తోపు. మళ్ళీ తోయలేదు. కర్రలు చంకలో పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను, సరస్సే నన్ను మోసుకుపోయింది. అప్పుడు వెనకాల సూర్యుడు లేచాడు. లేచి ఊరుకున్నాడా, నా వెంట పడ్డాడు. నా స్కీ మడమ దాటిన చోటల్లా మంచు కరిగిపోవడమే. వెనక నీళ్ళు, ముందు గడ్డ, మధ్యలో నేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సూర్యుడు ఆయాసపడి కూర్చున్నాడు," అంది యోరున్.

"గద్దగుట్ట చాటుకు పోయాడు. అక్కడే వచ్చింది చిక్కు. గుట్ట నీడలో రాత్రి పడ్డ కొత్త మంచు ఉంది, పొడిగా, పిండిలాగా. నా స్కీలకేమో జిగురు మైనం."

ఈ మాటకు స్వెనుంగ్ కూడా నవ్వాడు. అది అందరూ చేసిన తప్పే. తడి మంచుకు పూసే జిగురు మైనంతో పొడి మంచులోకి పోతే స్కీ అడుగున మంచు ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది, ఎత్తు చెప్పులు వేసుకున్నట్టు నడవాలి. జిగురు మైనం దేన్నీ వదలదు. తొక్కిందల్లా పట్టుకుంటుంది.

"అడుగుకో జానెడు పేరుకుంది. పది అడుగులు వేసేసరికి నేను ఇంటికప్పు ఎత్తున ఉన్నాను. ఇరవై వేసేసరికి బిర్చి చెట్లు నాకు మోకాలికి వచ్చాయి. ఆగుదామంటే ఆగినచోట గడ్డ విరుగుతుందేమోనని భయం, నడిస్తే ఇంకా ఎత్తవుతున్నాను. కాకులు వచ్చి నా నడుం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంకాస్త లేచేసరికి కొండలన్నీ కిందికి పోయి సముద్రం కనబడింది. బెర్గెన్‌లో మా చెల్లెలు మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తోంది."

"ఏ రంగువి తాతా?"

"నీలం గళ్ళవి. ఒకటి చిరిగింది కూడా. కుట్టించుకోవే అని కేకేశాను."

"విన్నదా?"

"సాయంత్రం ఫోన్ చేస్తానంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనక్కడ అంత ఎత్తున ఉంటే ఎండ తగలదా నాకు? తగిలింది. కాళ్ళ కింద మంచు కరగడం మొదలుపెట్టింది, మెల్లిగా, లిఫ్టులో దిగినట్టు దిగుతున్నాను, కరిగిన నీళ్ళు కింద ఏరై పారుతున్నాయి, ఆ ఏటి మీద చేపలు ఎగురుతున్నాయి. ఒకటి నా జేబులో నారింజ తీసుకుని పోయింది. ఆ ఏరే నన్ను తెచ్చి ఈ గోడ దగ్గర దింపింది. వెనక్కి చూస్తే మా ఇంటి పొగగొట్టం కనబడుతోంది, కాఫీ ఇంకా మరగలేదు."

యోరున్ కళ్ళు తుడుచుకుంది నవ్వి నవ్వి. గున్‌వోర్ కూడా నవ్వింది. మూడేళ్ళ క్రితం అతని భార్య ఆస్లౌగ్ పోయినప్పట్నుంచీ ఈ ఆదివారాలే అతనికి ఆదివారాలు. ఇంటి దగ్గర అతని మాట వినేది గోడ గడియారం ఒక్కటే. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కోత కోస్తాడు, ఆమె వింటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇది అబద్ధం అన్నా అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. అబద్ధమని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

స్వెనుంగ్ మాత్రం నవ్వు ఆపేసి లెక్కలు కడుతున్నాడు.

"యోరున్, విను. అడవి చుట్టూ పోతే పద్నాలుగు కిలోమీటర్లు, ఈ అటుకుల్లో ఐదు గంటలు. సరస్సు మీదుగా నాలుగు. గంట."

"కొమ్మలు లేవు కదా."

"ఆ చేపలు తీసెయ్. దుప్పట్లు తీసెయ్. తాత ఎత్తు పెరగడం తీసెయ్. ఏం మిగిలింది? డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఈ పొద్దున సరస్సు దాటి వచ్చాడు. ఇదిగో, మన పక్కనే కూర్చుని నారింజ తింటున్నాడు. మనం దాటలేమా?"

యోరున్ టొల్లెఫ్ వైపు చూసింది. తర్వాత సరస్సు వైపు చూసింది. పైనుంచి చూస్తే తెల్లగా, చదునుగా, పడుకున్నట్టు ఉంది. "నిజమే," అంది. వంగి బూటు తాళ్ళు బిగించడం మొదలుపెట్టింది.

గున్‌వోర్‌కి అప్పుడు అర్థమైంది. మేడంత ఎత్తు కోసిన కోత ఎవరూ నమ్మరు, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. అదంతా ఒలిచి పారేసి, మిగిలిన చిన్న ముక్కను నిజమనుకుని జేబులో వేసుకుంటారు జనం. ఆ చిన్న ముక్కే అసలు అబద్ధమైతే ఏం చేస్తారు?

ఆమె టొల్లెఫ్ మొహంలోకి చూసింది. అతను వాళ్ళ బూట్ల వైపు చూస్తున్నాడు. నోటి దగ్గర నవ్వు అలాగే ఉంది, కళ్ళలో లేదు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాడు. "అయిపోలేదు కథ. ఆ చేప నారింజ తీసుకుపోయిందని చెప్పానా, అది మళ్ళీ వచ్చింది..."

"దారిలో చెప్పుకుంటాం తాతా," అని స్వెనుంగ్ లేచాడు.

"తొక్క తిరిగి ఇవ్వడానికి వచ్చింది," అన్నాడు టొల్లెఫ్.

చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని గున్‌వోర్ ఎదురుచూసింది. తనంతట తను చెప్తే మాట దక్కుతుంది. ఈ వయసులో మనిషికి నలుగురి ముందు పరువు పోగొట్టుకోవడం చిన్న సంగతి కాదు, దాన్ని పోగొట్టడం కూడా చిన్న సంగతి కాదు. స్వెనుంగ్ తన స్కీలు తీశాడు. యోరున్‌వి తీశాడు. టొల్లెఫ్ నోరు తెరిచి మళ్ళీ చేప గురించే ఏదో అన్నాడు.

గున్‌వోర్ కెటిల్ కింద పెట్టి లేచింది. గోడ దగ్గరికి పోయి టొల్లెఫ్ పాత చెక్క స్కీ ఒకటి తీసుకుంది. గోరుతో జిగురు మైనంలోంచి ఒక్కొక్కటి పీకి టొల్లెఫ్ అరచేతిలో పెట్టింది. పైన్ చెట్టు సూదులు నాలుగైదు. బిర్చి బెరడు పొర ఒకటి. చెట్ల కొమ్మలకు వేలాడే బూజులాంటి నాచు. చివరికి ఒక చీమ. అడవి చీమ, కాళ్ళు ఇంకా ఆడిస్తోంది.

"సరస్సు నడిమధ్య చీమలపుట్ట కూడా దాటావా అన్నా?"

స్వెనుంగ్ ఆ సూదుల వైపు చూశాడు. తర్వాత చదునైన తెల్లటి సరస్సు వైపు చూశాడు. అక్కడ ఒక్క చెట్టు లేదు. చేతుల్లో ఉన్న స్కీలు మెల్లిగా గోడకు ఆనించాడు.

టొల్లెఫ్ చీమను వేలికి ఎక్కించుకుని ఎండ పడుతున్న బల్ల అంచు మీద వదిలాడు. దాని కాలికి మైనం అంటి కుంటుతోంది.

"ఐదింటికి ఒడ్డుకు పోయాను," అన్నాడు. గొంతు మామూలు గొంతే, కథ చెప్పే గొంతు కాదు. "ఏరు వచ్చి కలిసేచోట కర్ర దింపాను. పిడి దాకా దిగింది. చుట్టూ నీళ్ళు వచ్చాయి. అరగంట నిలబడ్డాను అక్కడ. ఇన్నేళ్ళలో ఆ సరస్సు దగ్గర వెనక్కి తిరగడం ఇదే మొదలు. అడవిలోంచి వచ్చాను. రెండుసార్లు పడ్డాను. ఆరు గంటలు పట్టింది."

"ఆరు గంటలు నడిచి వచ్చి, అది చెప్పకుండా..." అంది యోరున్.

"అదేం కథమ్మా. ముసలాడు భయపడి చుట్టుతిరిగి వచ్చాడు. ఎవరికి చెప్పుకోను?"

"మేము సరస్సు మీద సగానికి పోయేవాళ్ళం తాతా," అన్నాడు స్వెనుంగ్. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది గున్‌వోర్‌కి.

"పోనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు టొల్లెఫ్. ఖాళీ కప్పు గున్‌వోర్ వైపు జరిపి, "ఏమో," అన్నాడు.

ఆ రెండో మాట అనడానికే అతనికి ఎక్కువ కష్టమైంది. గున్‌వోర్ అతని కప్పు నింపింది. తాగాడు. తర్వాత వంగి తన బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు, మెల్లిగా, రెండు ముళ్ళు.

"లేవండి. ఇంకా మెత్తబడితే అడవిలోనూ మోకాళ్ళ దాకా దిగిపోతాం. నా జాడ ఉంది, దాని మీదే పడి పోదాం. ఇళ్ళకు చేరేసరికి చీకటి పడుతుంది, పడనీ. ముందు ఆ జిగురు గీకెయ్ గున్‌వోర్, నాకు వంగబుద్ధి కావడం లేదు."

గున్‌వోర్ చాకు తెచ్చి గీకింది. సూదులూ బెరడూ మైనంతో పాటు ఉండలు చుట్టుకుని మంచులో పడ్డాయి.

ముగ్గురూ చెట్లవైపు సాగారు, ముందు టొల్లెఫ్. యోరున్ వెనకనుంచి అడగడం గున్‌వోర్‌కి వినబడింది.

"మరి కర్ర దిగినప్పుడు ఏం చేశావు తాతా? ఆ తర్వాత ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. చాలా చిన్న కథ అది."

"చిన్నదే చెప్పు."

అతను ఏం చెప్పాడో గున్‌వోర్‌కి వినబడలేదు. చెట్లు వాళ్ళను కప్పేశాయి. ఆమె చాకు తుడిచి, కప్పులు కడిగి, మళ్ళీ ఆ బల్ల మీదే కూర్చుంది. మూడేళ్ళుగా తను నవ్వుతూ విన్న కథలన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. వాటిలో దేన్ని ఎవరు నిజమనుకుని ఎక్కడికి మోసుకుపోయారో ఆమెకు తెలియదు.

సరే. వాళ్ళు స్కీలు తీసుకునేదాకా ఆవిడ ఆగింది, మనిషి పరువు పోతుందని. ఆవిడ తప్పు ఆవిడది. ఆ పచ్చటి సూదులు ఆవిడ కంటే ముందు చూసింది మీరు. నల్లటిది కదలడం కూడా చూశారు. వాళ్ళు బూట్లు కట్టుకుంటున్నప్పుడూ, స్కీలు చేతిలోకి తీసుకున్నప్పుడూ మీరక్కడే ఉన్నారు. మీరెందుకు నోరు విప్పలేదు?