గోదా కల్యాణం నాటి టోఫు కూర

"మామ్మా, అమ్మమ్మ రోజూ నీ టోఫు కూరే అడుగుతోంది. ఎలా చేస్తావో చెప్పవా? ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటా."

అడుగుతోందా శకుంతలక్క? నా పేరు చెప్పి అడుగుతోందా, ఉత్తినే తెల్లకూర, తెల్లకూర అంటోందా? ఆఁ, అదే అనుకున్నా. పేరు గుర్తులేదన్నమాట. మనుషుల్ని మరిచిపోయే జబ్బు వచ్చినా నాలిక మటుకు మర్చిపోదు కాబోలు. సరే కూచో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు సోఫాలో కూచో.

ఏముందీ, సోయా గింజలు రాత్రి నానబోస్తే పొద్దుటికి ఇంతింత లావవుతాయి. చేత్తో పిసికితే పొట్టు తేలుతుంది, తీసెయ్యాలి. మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి, గుడ్డలో వడగట్టి పాలు తియ్యాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఆ పాలు బాగా కాగాలమ్మా. పచ్చివాసన పోవాలి. సరిగా కాగకపోతే అరగవు, కడుపులో నొప్పి పట్టుకుంటుంది. పొంగుతుంది కూడాను, దగ్గర నించోవాలి. తర్వాత నిమ్మరసం పిండితే విరుగుతుంది. దాన్ని గుడ్డలో మూటగట్టి మీద బరువు పెట్టడమే, పన్నీరులా గట్టిపడితే అదే టోఫు. నేను బరువుకి కుక్కర్‌లో నీళ్ళు పోసి పెట్టేదాన్ని. పిప్పి పారెయ్యకు, వడల్లో కలుపుకోవచ్చు.

మేం అమెరికా వచ్చి ఈ షామ్‌బర్గ్‌లో దిగిన కొత్తల్లో, ఏదీ, మీ అమ్మకింకా పెళ్ళి కాలేదు, నేనూ మీ అమ్మమ్మా ఒకే అపార్ట్‌మెంట్స్‌లో ఇరుగుపొరుగున ఉండేవాళ్ళం. మా ఆయనకి పాలు పడేవి కావు. పన్నీరు ముక్క తింటే చాలు, పొట్ట ఉబ్బరం. మేం గుడ్డు కూడా ముట్టని వాళ్ళమాయె. డాక్టరేమో మాంసం తినరు కదా, సోయా తినండి, దాంట్లో మాంసకృత్తులు ఉంటాయన్నాడు. కొట్లో టోఫు తెస్తే ఈయన మూతి ముడిచేవారు. అంచేత నేనే నేర్చుకున్నా, కింద ఫ్లాట్‌లో చైనా ఆవిడ చూపిస్తే. గింజలకేం కరువు? ఊరు దాటితే ఎటు చూసినా సోయా పొలాలే కదా. కందిపప్పు కొనే డబ్బులో సగం కూడా అయ్యేది కాదు అప్పట్లో.

మీ అమ్మమ్మకి ఎంత నచ్చిందనుకున్నావ్. గుళ్ళో భోజనాలకి చేద్దామే అని తనే తీసుకెళ్ళింది నన్ను. అల్లం, కొబ్బరి, జీడిపప్పు ముద్ద వేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా. అడిగి మరీ వేయించుకునేవారు జనం. టోఫు కూర అనేవారు కాదు, సుందరమ్మ కూర అనేవారు. నా పేరుతో పిలిచేవారు చూశావా.

ఒక ఏడాది గోదా కల్యాణానికి మీ అమ్మమ్మ వాళ్ళింట్లోనే, అప్పటికి సొంతిల్లు కొనుక్కున్నారు, ఇద్దరం కలిసి చేశాం టోఫు. బోలెడు. తెల్లారేసరికి మంచు తుఫాను, గుడి మూసేశారు. కల్యాణం పై ఆదివారానికి మార్చారు. టోఫు నీళ్ళలో వేసి, రోజూ నీళ్ళు మారిస్తే నాలుగు రోజులుంటుంది కానీ వారం ఉండదు, జిగురొచ్చి పులుస్తుంది. నేను పారేద్దామన్నా. అక్కేమో గరాజ్‌లో పెద్ద ఫ్రీజరుందిగా అని తన చేత్తోనే సంచుల్లో కట్టి పెట్టింది. గడ్డకట్టిందంటే టోఫు తీరు మారిపోతుంది తల్లీ. కరిగాక స్పాంజిలా అవుతుంది, రంగు తిరుగుతుంది, కొరికితే పీచుపీచుగా సాగుతుంది. మసాలా మాత్రం బాగా పీలుస్తుంది. నేను బానే ఉందనుకున్నా.

కల్యాణం నాడు భోజనాల్లో మొదటి వరసలో మీ తాతయ్యగారు కూచున్నారు. మీ నాన్నగారి తండ్రి, అప్పుడు గుడి కమిటీకి పెద్ద. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ప్లేట్లో ఉమ్మేశారు. ఇది కోడి మాంసం అన్నారు. మాంసం పీచు ఎలా ఉంటుందో ఆయనకెలా తెలుసని ఒక్కరూ అడగలేదు సుమా. నేను చెప్పా, సోయాతో ఇంట్లో చేశానండీ అని. "చేస్తుంటే చూసినవాళ్ళెవరు?" అన్నారు.

నేను మీ అమ్మమ్మకేసి చూశా. పక్కనే ఉంది, చేతిలో గరిట. ఫ్రీజర్లో పెడితే ఇలా అయిందండీ, నేనే పెట్టాను అంటే అయిపోను. ఒక్క మాట.

"నాకేం తెలీదండీ, నేను పులిహోర కలిపాను" అంది.

ఎందుకన్నదో తెలుసా? ముందు రోజే మీ అమ్మని మీ నాన్నకి అడిగారు. ఆ పెద్దాయన కొడుకుకి. నా పక్షాన నిలబడితే సంబంధం చెదురుతుందని భయం. పోనీ ఇంటికొచ్చి చెవిలో అయినా చెప్పొద్దా, తప్పయిపోయిందే సుందరీ అని? రాలేదు. పెళ్ళికి మాత్రం శుభలేఖ పోస్టులో వచ్చింది.

కూరంతా పారబోసి, గుడి వంటిల్లు పసుపునీళ్ళతో కడిగారట. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, పిలవలేదంతే. మా ఇంట్లో వ్రతం చేసుకుంటే నలుగురొచ్చారు. ప్రసాదం నేప్కిన్‌లో పట్టుకెళ్ళి పార్కింగ్ చెత్తడబ్బాలో వేశారు. కిటికీలోంచి చూశాను నేను. మా ఆయన మళ్ళీ ఆ గుడి మెట్టెక్కలేదు, పోయేదాకా. ఇప్పుడు అదే గుళ్ళో పాలు కూడా వాడని వేగన్ వంట అని టోఫు పెడుతున్నార్ట, లొట్టలేసుకుని తింటున్నార్ట. తిననీ.

"అమ్మమ్మ నిన్ను చూస్తే గుర్తుపడుతుందేమో మామ్మా. రావా?"

వచ్చి ఏం చెయ్యను? ఇన్నేళ్ళూ ఒక్క మాట కోసం చూశా. ఏ రోజో ఫోన్ చేస్తుంది, చేస్తుంది అని. ఇప్పుడు ఆ మాట అన్నా అది తను అన్నట్టు కాదు కదా. నేను చేస్తుంటే చూసిన మనిషి తనొక్కతే. తనకే తెలీదిప్పుడు. ఇంకెవరినడగను నేను? పోయింది, అంతే.

ఏడవకు, నీదేముంది ఇందులో. మీ నాన్న మంచివాడు, మీ అమ్మ సుఖంగా ఉంది, నువ్వు పుట్టావు. శాపం పెడదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, నిన్ను చంకనేసుకుని మీ అమ్మ కొట్లో ఎదురుపడ్డాక పెట్టలేకపోయా. చల్లగా ఉండు తల్లీ. మంచి చోట పడాలి నువ్వు. నీ పక్కన నిలబడేవాళ్ళు నీకు దొరకాలి.

ఫ్రిజ్‌లో నీలం డబ్బా ఉంది చూడు, నిన్న చేశా. తీసుకెళ్ళు. వేడిచేసి, ముక్క బాగా చిదిపి పెట్టు, మింగలేదేమో. ఎవరు చేశారని అడిగితే సుందరమ్మ చేసిందని చెప్పు. అడక్కపోతే... అడక్కపోయినా చెప్పు.