పీట మీద గంటన్నర

నిజామాబాద్‌లో సుకన్య నడిపే యోగా గది. ఒంటి నొప్పులతో వచ్చేవాళ్లకు ఎవరికి తగిన ఆసనం వాళ్లకు నేర్పుతుంది. చాప మీద కోటగిరి రైతు తుకారాం. యాభై తొమ్మిదేళ్ల మనిషి, ఊళ్లో అందరూ ఆయన మాట వింటారు. మోకాళ్లే వినడం లేదు.

“…గట్ల నెట్టకు కాకా! చేత్తోటి ఒత్తితే మోకాలు దిగది, ఇరుగుతది.”

“దిగాలె మేడం. ఇరవై రోజులల్ల దిగాలె. పీట మీద గంటన్నర కాళ్లు మడిసి సక్లముక్లం పెట్టుకోని కూసోవాలె నేను.”

“పీట మీదనా? పెండ్లి ఉన్నదా ఇంట్ల?”

“ఉన్నది.”

“బిడ్డదా?”

“బిడ్డ లేదు.”

“కొడుకుదా?”

“కొడుకు గూడ లేడు.”

“మరెవరిది కాకా?”

“మా ఇంట్లదే అంటున్న గదా! పెద్దమనిషిని, కాళ్లు సాపుకోని కూసుంటె నలుగురు నవ్వరా? పెండ్లి ఎవరిదైతేంది, నువ్వు మోకాలు సూడు.”

“మోకాలే చూస్తున్న. అన్నం యాడ కూసోని తింటవ్?”

“మంచం మీద.”

“టీవీ?”

“మంచం మీదనే.”

“పొలం కాడ?”

“నిలవడి పన్జేస్త. యాష్టకొస్తె గట్టు మీద కూసుంట, కాళ్లు కిందికేసి.”

“అంటే నేల మీద కూసోని ఎన్నేండ్లాయె?”

“మా ఇంటిది పోయినకాన్నుంచి… ఏడేండ్లు. ఆమె ఉన్నప్పుడు పీటేసి పెడుతుండె. ఒక్కనికి పీటెందుకని ఊకున్న.”

“…సరే కాకా. మోకాళ్ల తప్పేం లేదు. తుంటి పట్టేసింది. ఇగో, గీ కంబళి నాలుగు మడతలేసిన, దాని మీద కూసో. మోకాళ్ల కింద రెండు దిండ్లు. ఊపిరి మెల్లగ తీసుకో, ఇంక మెల్లగ ఇడువు. దిగినకొద్ది ఒక్కో మడత తీస్త.”

“గింతేనా? రెండు బస్సులు మారి వచ్చింది కంబళి మీద కూసోనీకా? గా కొమురయ్య సారు సూడు, గోడకు కాళ్లానిచ్చి సుఖంగ పండుకున్నడు. నాకు గది చెప్పరాదు?”

“ఆయనవి కాళ్ల వాపులు. ఆయనది ఆయనకు, నీది నీకు. పక్కోని దిక్కు చూడకు, మెడ పట్టేస్తది.”

“మెడ గూడ పట్టే ఉన్నది.”

“కనవడ్తనే ఉన్నది!”

పదో రోజు. కంబళి మడతలు నాలుగు నుంచి రెండుకు దిగాయి.

“మేడం, జర భుజం గూడ సూడు.”

“భుజానికేమైంది? మొన్నటిదాక మోకాలే అన్నవ్.”

“చేతులు గింత ఎత్తుకు లేపి, ముంగటికి సాపి, ఆగాలె. ఒణుకుతున్నయ్.”

“ఎంతసేపు ఆగాలె?”

“మూడు ముడులేసేదాక.”

“మూడు ముడులా?”

“ఏంది, గట్ల సూస్తవ్?”

“కాకా. పెద్దమనుషులు అక్షింతలేస్తరు. ముడులెయ్యరు.”

“ఆఁ… అంటె… పిలగానికి చేతగాకుంటె…”

“పిలగానికి చేతగాకుంటే నువ్వేస్తవా!”

“నవ్వకు బిడ్డా, నవ్వకు. కొమురయ్య సారు ఇంటున్నడు.”

“పెండ్లిపిలగాడివి నువ్వా! అయ్యో కాకా, ముందే చెప్తే ఏం పోయింది? దండలు మార్చుకునేటప్పుడు మెడ ఒంగాలె గదా, నీది కట్టె లెక్కున్నది. రా, గోడ ముంగట నిలవడు. రెండు వేళ్లు గోడ మీద పెట్టి పైకి నడిపియ్యి. బలం పెట్టకు. ఒణుకు చేతులల్ల లేదు, ఊపిరిల ఉన్నది.”

“నవ్వుతవనే చెప్పలే.”

“నవ్వుతనే ఉన్న గదా, ఏమైంది?”

“తప్పనిపిస్తలేదా నీకు? గీ వయసుల…”

“ఏం తప్పు? ఏడేండ్లు మంచం మీద ఒక్కనివే తిన్నవ్. ఇగ ఇద్దరు కూసోని తింటే ఎవరికేం నొప్పి?”

“నిజంగనే అంటున్నవా?”

“ఒట్టు.”

“మల్లొక్కసారి అను.”

“ఒట్టు కాకా! చేతులు దించకు.”

ఇరవయ్యో రోజు. కంబళి లేదు, దిండ్లు లేవు. వట్టి చాప మీద తుకారాం కూర్చుని గంటా ఇరవై నిమిషాలైంది.

“ఇంకొక్క పది నిమిషాలు. శబాష్ కాకా! పెండ్లి యాడ, లింబాద్రి గుట్ట మీద గుడిలనా?”

“గుట్ట మీదనే అనుకున్నం. ముహూర్తమే… ఇంక పెట్టలే.”

“ఏందీ! ఇరవై రోజులల్ల అన్నవ్?”

“ఇరవై రోజులల్ల ధైర్యమొస్తదనుకున్న.”

“దేనికి ధైర్యం?”

“ఆమెకో బిడ్డ ఉన్నది. బిడ్డ ఊఁ అంటేనే పెండ్లంటున్నది. అడగనీకి ఆమెకు భయం. నేనడుగుతనన్న. నాకు అంతకన్న ఎక్కువ భయం.”

“బిడ్డ ఎందుకు కాదంటది? నంబరియ్యి, నేను మాట్లాడ్త. ఇన్ని రోజులు ఇంత కష్టపడ్డ మనిషిని కాదంటదా? ఏ ఊరు వాళ్లది?”

“ఆమె బోధన్ల ఉంటది. మిషిని కుడ్తది. ఒక్క అంగీ కుట్టిచ్చుకోనీకి పోయి ఆరుసార్లు కొలతలిచ్చిన.”

“అరే, మా అమ్మ గూడ బోధన్లనే, మిషినే…”

“మిషిని తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టేసింది. బిడ్డ ఊరందరికి యోగా నేర్పుతది. తల్లేమో ఒక్క ఆసనం ఎయ్యది.”

“ఆమె పేరు చెప్పు.”

“రుక్మాబాయి.”

“లే.”

“సుకన్యా…”

“లే కాకా. లేచి పో. ఇన్ని రోజులు నా ముంగట కూసోని… నా చేత ఒట్టేయించుకోని… లే అంటున్న!”

“లేవస్తలేదు.”

“నాటకాలాడకు!”

“నాటకం కాదు తల్లీ. రెండు కాళ్లు తిమ్మిరెక్కినయ్. కూసునుడు నేర్పినవ్ గని, లేసుడు నేర్పలే నువ్వు.”

“…నవ్వియ్యకు. నాకు కోపమొస్తున్నది.”

“రానీ. తిట్టు. నేనెటు పోలేను గదా.”

“మోకాళ్లు గూడ అబద్ధమేనా?”

“మోకాళ్లు నిజం. భయం గూడ నిజం. నువ్వు కాదంటె ఇగ బోధన్ దిక్కు పోను. అంగీలు గూడ కోటగిరిలనే కుట్టిచ్చుకుంట.”

“మా బాపు పోయి పదకొండేండ్లు. ఆయన జాగల…”

“ఆయన జాగ ఆయనదే. గోడ మీద ఆయన ఫోటోకు దండ నేనే మారుస్త. నాకు పక్కన జర జాగ చాలు.”

“ఈ నడుమ ఫోన్ చేస్తే అమ్మ ఊకె నవ్వుతున్నది. తిన్నవానే అంటే నవ్వు. కరెంటున్నదా అంటే నవ్వు. ఏమైందే అంటే ఏం లేదంటది. ఆ నవ్వు ఇని ఎన్నేండ్లాయెనో… మస్తు సంబురమైంది నాకు. ఎందుకో తెల్వకుండనే.”

“నన్ను సూసి గూడ గట్లనే నవ్వుతది. కొలతలు తీస్తుంటె నాకు మెడ తిరగదని.”

“కాలు చాపు.”

“ఆఁ?”

“తిమ్మిరి దిగాలెనా వద్దా? మెల్లగ చాపు. మడమ నా చేతిల పెట్టు.”

“బిడ్డలతోని కాళ్లు పట్టిచ్చుకుంటరా, తప్పు.”

“మేడం పడుతున్నది. పెట్టు. ఆ ఫోనిటియ్యి.”

“ఎవరికి చేస్తున్నవ్? ఏం చెప్తవ్? సుకన్యా, ఏం చెప్తవ్?”

“ఊపిరి ఇడువు, మాట్లాడకు. …హలో, అమ్మా. జర మిషిని బంద్ చెయ్యి. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు వచ్చెయ్. ఎందుకేందే? బాపు కూసునుడు నేర్చుకున్నడు, ఇగ నీ మోకాలే మిగిలింది.”