కిరాయింట్ల సముద్రం

గద్వాలలో రంగు చేపల దుకాణం. కొనడానికొచ్చినాయన గాజు తొట్లను తట్టి చూస్తున్నాడు.

"అన్నా, సముద్రం చేపలకు ఏ తొట్టి మంచిగుంటది?"

"పెద్దది. ఉప్పునీళ్లు జల్ది ఖరాబు గావు."

"మాది కిరాయిల్లు, మూడో అంతస్తు. గంత బరువు పెడితే ఓనరు ఖాళీ చెయ్యమంటడు."

"అయితే చిన్నది తీస్కో. కానీ రోజూ కనిపెట్టుకొని ఉండాలె. కరెంటు పోతే పరేషానే."

"ఉంట. చిన్నదే ఇయ్యి."

"సరే. ఉప్పు కలిపి, మోటరు పెట్టి, ఒక నెల ఉత్తగనే నడిపియ్యి. నీళ్లు కుదురుకున్నంక చేపలు కొను."

"నెలనా? ఇయ్యాల్నే వేస్తే?"

"సస్తయి. గంత తొందరేంది?"

"హైదరాబాద్‌ల కొనుక్కొనే వచ్చిన అన్నా. బయట ఆటోల, మా బిడ్డ ఒడిల, కవర్ల ఉన్నయి. తొవ్వ పొంటి వాటికి పేర్లు పెట్టుకుంట వచ్చింది."