కోటబాయి చేంతాడు

కాకులకొండ మీద కోటబాయి ఉండాదే, దాని పక్కన ఎండిన చింతమాను, ఆడికి మేకలు గూడా పోవు. గడ్డి మోకాలెత్తు పెరిగినా ఒక్క మేకా మూతి పెట్టదు, మీరు చూసే ఉంటారు. అట్లాంటి బాయికి మోటరు పెట్టిస్తానని ఈ మద్దిలేటి పొద్దున టీ అంగడికాడ చెప్పినాడంట. ఆ బాయిలో ఏడాదంతా నీళ్ళుంటాయి జేజీ, నా చెనక్కాయ పైరు ఎండిపోతాండాది అని మళ్ళీ నాకే చెప్పను వచ్చినాడు. కూర్చో నాయనా, కూర్చో. కాయలు ఒలిచేవాళ్ళు ఒలవండి, మీరు చేతులాపితే నేను నోరాపేస్తా.

ఆ కోట తిమ్మప్పనాయుడనే పాలెగానిది. ఎప్పుడని అడిగితే నేనేం చెప్పేది, మా జేజికి వాళ్ళ జేజి చెప్పిన మాట, అంతకు ముందు ఇంకెందరు జేజులో. ఆ కాలంలో కోటలో ఒక్కో పని ఒక్కో ఇంటిది. దొరకు నీళ్ళు తోడేది ఒక ఇల్లు, గడ్డం గీసేది ఒక ఇల్లు, గాదె తాళం తీసేది ఒక ఇల్లు, గుడ్డలుతికేది మా ఇల్లు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకుంటే మానుకు కట్టేసి కొట్టేవాళ్ళు. బాగుండాదా పద్ధతి? బాగుంటాది, ఎందుకుండదు, దొరకు బాగుంటాది.

ఒక ఎండకాలం ఏదో దండు వచ్చి కొండ చుట్టూ దిగింది. ఏ రాజుదని నన్నడగొద్దు, చచ్చినోళ్ళకే తెలీదు. కింద పల్లెలన్నీ కాల్చేసినారు, జనం పిల్లాజెల్లా ఎత్తుకోని కోటలోకి ఎగబడినారు, తలుపులు మూసేసినారు, ఇంగ గోడల మీద రెండు నెలలు కొట్లాట. కోటలో నీళ్ళు రెండు చోట్ల. దొర ఇంటి ముందర ఈ బాయి, గోడ వారన వాననీళ్ళు నిలిచే గుంట ఒకటి. బాయి దొరకు, గుంట జనానికి. ఆ గుంటలోనే గాయాలు కడిగిరి, గోడ మీద చచ్చినోళ్ళు గూడా దాంట్లోనే పడిరి, ఆ నీళ్ళే తాగిరి. ఏంది మద్దిలేటీ, నీకు నీళ్ళు తెచ్చియ్యాలా? ఉండు, కతయ్యేదాకా ఉండు. అవి తాగితే ఏమవుతాది? వాంతులు, బేదులు. పొద్దున బాగుండినోడు సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయి కట్టెలాగ పడుండేవాడు. మారెమ్మ వచ్చింది అనుకున్నారు జనం. తల్లి మీద వేసేస్తే సరిపోయె, బాయికి కాపలా పెట్టిన దొర పేరు ఒక్కరూ ఎత్తలేదు.

మా ఇంటి ఆడమనిషి ఓబక్క. ఆమె మొగుడు గోడ మీద రాయి తగిలి పోయినాడు, మిగిలింది ఏడేండ్ల కూతురు, గంగి. ఆ బిడ్డకూ బేదులు పట్టుకున్నాయి. నీళ్ళు నీళ్ళు అంటాంది, గుంట నీళ్ళు పోస్తే కక్కేస్తాంది. ఓబక్క ముంత పట్టుకోని బాయికాడికి పరిగెత్తి దొర కాళ్ళ మీద పడింది, బిడ్డకు ఒక్క ముంత ఇప్పించండి, నేను చచ్చేదాకా మీ గుడ్డలుతుకుతా అని. ఆ దొర అరిచే రకం కాదంట, నెమ్మదిగా మాట్లాడేవాడంట, నాకు ఒళ్ళు మండేది ఆడనే. ఏమన్నాడో తెలుసా?

"నీది ఉతికే చెయ్యి ఓబక్కా, తోడే చెయ్యి కాదు. ఈ పొద్దు నువ్వు చేంతాడు ముట్టుకుంటే రేపు అందరూ అన్నీ ముట్టుకుంటారు. ఇంగ కోట నిలుస్తాదా?"

నీళ్ళు తోడే ఇంటోడు పక్కనే నిలబడుకోని ఉండాడు, వాడి కాళ్ళకాడ కడవ నిండుగా ఉండాది, వాడైనా ఒక ముంత ముంచియ్యొచ్చు గదా. తల దించుకున్నాడు. ఓబక్క ఖాళీ ముంతతో తిరిగొచ్చె. పొద్దు గుంకకముందే గంగి పోయింది. ఏడేండ్ల బిడ్డ. 

తర్వాత వరసగా ఇండ్లకిండ్లే ఖాళీ అయినాయి. గడ్డం గీసే ఇల్లు పోయింది, దొర గడ్డం పెరిగింది. గాదె తాళం ఇంట్లో ఐదుగురూ పోయినారు, తాళంచెవి ఆ ముసలాయన మొలతాడుకే ఉండిపోయింది. మిగిలినోళ్ళు ఏం చేసినారంటారు? గాదె ముందర కూర్చోని ఆకలితో చచ్చినారు. లోపల గాదె నిండా జొన్నలు. తలుపు పగలగొట్టేది ఏ ఇంటి పనీ కాదు గదా. మీకూ చేతులుండాయిరా అని చెప్పేవాళ్ళు లేకపోయిరి. బయట దండులోనూ రోగం పడి, ఒకనాడు గుడారాలు వదిలేసి ఎటోళ్ళు అటు పోయినారు. గెలిచినోడు ఎవడూ లేడు.

ఆఖరికి కోటలో ఇద్దరే, దొరా ఓబక్కా. నీళ్ళు తోడేవాడు గూడా పోయినాడు, వాడు తోడింది బాయి నీళ్ళే గానీ తాగింది గుంట నీళ్ళేనంట. వాడు పోయిన మూడోనాడు మిట్టమద్యానం, ఓబక్క కొండ దిగిపోదామని మూట కట్టుకోని వస్తాంటే, దొర బాయి గట్టు మీద కూర్చోని ఉండాడు. పెదాలు పగిలిపోయి, నాలిక ఎండిపోయి. పక్కనే కడవ, పక్కనే చేంతాడు, ముందర నిండు బాయి. మూడు దినాలు కూర్చున్నాడు నాయనా, ఎవురన్నా వచ్చి తోడిపెడతారని. ఆమెను చూసి, తోడు అన్నాడు. అప్పుడు గూడా అడగలేదు, చెప్పినాడు. ఓబక్క మూట దించి, చేంతాడు తీసి వాడి ఒళ్ళో పెట్టింది.

"నాది ఉతికే చెయ్యి దొరా," అనింది.

అని ఎదురుగా కూర్చునింది. ఇంగ వాడే లేసినాడు, కడవ మెడకు తాడు చుట్టినాడు, బాయిలోకి వదిలినాడు. కొస చేత్తో పట్టుకోవాలని వాడికి తెలీదు. పుట్టినప్పటినించి ఒక్కసారన్నా తోడింటే గదా తెలిసేది. కడవా చేంతాడూ రెండూ పోయి దబ్బుమని పడినాయి. వాడు లోపలికి చూస్తా గట్టు మీద అట్లనే వంగిపోయినాడు, ఇంగ లెయ్యలేదు. ఓబక్క పొద్దు వాలేదాకా చూసి, మూటెత్తుకోని దిగొచ్చె. కింద ఇంకో మనువు చేసుకునింది, మా జేజులంతా ఆ కడుపున పుట్టినోళ్ళే. ఆ దొర పాపమనిపించలేదా జేజీ అని అడగబోతాండారు, తెలుసు. నాకైతే అనిపించలేదు.

ఇప్పటికీ మిట్టమద్యానం ఆడికి పోతే ముందు కడవ పడిన సప్పుడు. తర్వాత నెమ్మదిగా ఒక మాట, తోడు అని. ఆ దొర దెయ్యం మీద పడదు, గొంతు పిసకదు. మా మేనమామ పుల్లన్న కట్టెలకు పోయి విన్నాడు. విని, సరే దొరా అన్నాడంట. ఎందుకన్నావు మామా అని తర్వాత అడిగితే, నేననలేదు, నా నోరే అనింది అని ఏడ్చినాడు. ఆ దినం పొద్దుగూకినాక మనోళ్ళు పోయి చూస్తే, తాడూ లేదు కడవా లేదు, ఉత్త చేతుల్తో తోడతానే ఉండాడు, అరచేతుల్లో తోలు లేదు. నలుగురు పట్టి గుంజుకొచ్చినారు. మూడు నెలలు బతికినాడు, మంచంలో గూడా ఆ చేతులు ఆగలేదు.

నీ పైరు, నీ మోటరు, నీ యిష్టం మద్దిలేటీ. ఆ దొరకు మోటరు సంగతి ఏం తెలుసు, వాడికి కావాల్సింది ఒక చెయ్యి. పిలిచినప్పుడు నీ నోరు ఏమంటాదో నీకు తెలీదు, నాకూ తెలీదు. అందుకే చెప్తాండా, ఆ బాయికాడికి పోవద్దు. ఇందాకటినించి కూర్చున్నచోటికి నీళ్ళు తెమ్మని నీ పెండ్లానికి మూడుసార్లు సైగ చేసినావు, నేను చూసినా. కుండ ఆ మూలనే ఉండాది. లేసి ముంచుకో.