ఓడిన్‌కు మొక్కిన మొక్కు

సముద్రపు పాయ ఒడ్డున గాలి ఇంకా హోరుమంటూనే ఉంది. వేటకు వెళ్లిన హాల్వార్డ్ పడవ కోసం అతని భార్య, మనవణ్ణి చంకనెత్తుకున్న తల్లి పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి చూస్తున్నారు.

“అత్తా, నేను ఓడిన్‌కు మొక్కుకున్నాను.”

“థోర్ ఉండగా ఆయనెందుకు గుర్తొచ్చాడే నీకు?”

“దేవుళ్లందరికీ ఆయనే పెద్ద కదా. విందులో దొర కూడా కొమ్ముపాత్రలో తొలి కల్లు ఆయన పేరిటే పోస్తాడు.”

“దొరలకు యుద్ధాలు గెలవాలి, అందుకని వాళ్లకు ఆయన పెద్ద. పొలాలూ పడవలూ చూసుకునే మనకు థోరే పెద్ద. మేకనిస్తే చాలనుకుంటాడు. ఓడిన్ అడిగేది మనుషుల్ని. ఏమిస్తానన్నావు?”

కోడలు సముద్రం వైపు చూపు తిప్పుకుంది.

“చెప్పవే.”

“నీకేది ఇష్టమైతే అది తీసుకో, హాల్వార్డ్‌ను మాత్రం ఇంటికి పంపు అన్నాను.”

ముసలామె చంకలోని మనవణ్ణి గట్టిగా పొదువుకుంది. అంతలో దూరంగా తెరచాప కనబడింది. చుక్కాని దగ్గర ఉన్నది హాల్వార్డే.

“వస్తున్నాడత్తా. ఇంకా ఎందుకు భయపడుతున్నావు?”

“ఓడిన్ తన వంతు చేశాడు, అందుకు. ఇక నీ వంతు అడుగుతాడు.”

ఆమె తన మెడలోని థోర్ సుత్తి తాయెత్తు తీసి పసివాడికి కట్టి, వాణ్ణి కోడలికి అందించింది.

“ఇంట్లోకి పో. గడియ వేసుకో.”

“మరి నువ్వు?”

“ఓడిన్‌కు బలులిచ్చే తోపుకెళ్తా. ఈ ముసలిదానితో సరిపెట్టుకోమని అడుగుతా.”

కోడలు అత్త శాలువా పట్టుకుని ఆపింది. చంకలో పసివాడు కదిలాడు. కోడలు శాలువా వదిలేసింది.