వెనక పట్టు

గద్వాలలో ఏళ్లుగా కుంగ్‌ఫూ, తాయ్‌చీ నేర్పుతున్న జంగయ్య ఇల్లు. మధ్యాహ్నపు ఎండలో నడిచివచ్చిన తేజస్విని, చిన్నప్పటి నుంచి ఆయన శిష్యురాలు, చెప్పులు విప్పకుండా గడప దగ్గరే నిలబడిపోయింది. ఆయన భార్య భాగ్యమ్మ గోడవార కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“ఇయ్యాల వందనం పెట్టలేదేంది తేజా?”

“పెట్టబుద్ధి కాలే మాస్టర్.”

“సరే. చెప్పులన్న ఇడిసి లోపలికి రా. ఎండలకెల్లి వచ్చినవు. భాగ్యా, పిల్లకు మంచినీళ్లియ్యి.”

“నీళ్లొద్దు పెద్దమ్మా, నువ్వు కూసో. ఒక్క మాట అడిగి పోత. మాస్టర్, ఎస్సైకి ఏం చెప్పిండ్రు?”

“మెడ మీద గాట్లు మానినయా? పసుపు పెడుతున్నవా?”

“ఎస్సైకి ఏం చెప్పిండ్రు?”

“ఏం చెప్త? వాళ్లు అడుగుతరు, మనం చెప్తం. గంతే. అమ్మెట్లుంది? ఈ నడుమ మగ్గమెక్కుతుందా?”

“అమ్మ మంచిగనే ఉంది. నన్ను క్లాసుకెల్లి తీసేసిన అని చెప్పిండ్రంట.”

“ఎవరన్నరు?”

“ఎస్సై సారే. పొద్దున నన్ను పిలిపించి ఎదురుంగ కూసోబెట్టి అడిగిండు. ‘మీ మాస్టరేమో ఈ పిల్లకు కోపమెక్కువ, ఎన్నిసార్లు చెప్పినా ఇనలే, దసరా అప్పుడే తీసేసిన అంటుండు. నువ్వేమో మొన్నటిదాంక పోయిన అంటున్నవు. ఎవరిది నమ్మాలె?’ అన్నడు. మాస్టర్, మొన్న ఐతారం కోటల ముసలోళ్లకు తాయ్‌చీ ఎవరు చేయించిండ్రు? మీకు జరమొచ్చి పండుకుంటే ఎవరు చేయించిండ్రు?”

“నువ్వే.”

“తీసేసినోళ్లు చేయిస్తరా?”

“జర మెల్లగ మాట్లాడు. లోపల పండుకున్నడు.”

“జితేందరా? ఇంట్లనే ఉన్నడా?”

“యాడికి పోతడు? మోచెయ్యి ఇరిగింది. దవాఖానల కట్టు కట్టి పంపిండ్రు. రాత్రంత మూలుగుడే. ఎంతైన నా కొడుకు తేజా.”

“కాదని నేనన్ననా? మీ కొడుకనే గదా, నేను ముందు ఠాణాకు పోలే, మీ కాడికొచ్చిన. రొప్పుకుంట, కాళ్లకు చెప్పులు గూడ లేకుండ. ఈ గడప మీదనే కూలబడి అంత చెప్పిన. చెప్పిన్నా, చెప్పలేదా?”

“చెప్పినవు.”

“మళ్ల చెప్పాల్నా?”

“వద్దు బిడ్డా.”

“చెప్త. మీరు మర్సిపోయినట్టున్నరు. క్లాసయినంక సాధన కట్టెలు పెట్టనీకె మీ ఇంటెనక షెడ్డుకు పోయిన. వంగి పెడుతున్న. గొళ్లెం పడ్డ సప్పుడైంది. తిరిగి చూసేలోపల వెనక నుంచి పట్టుకున్నడు. ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి నోటి మీద. నేనేం కొట్లాడలే. బరువు కిందికి దింపిన, బొటనవేలు దొరకబట్టిన, నడుము తిప్పిన. ఇరిగిన సప్పుడు నాకు ఇనిపించింది. మీరు ఎట్ల నేర్పిండ్రో గట్లనే చేసిన.”

“వాడు ఇంకొక తీరు చెప్తుండు.”

“ఏమంటుండు?”

“ఇద్దరం సాధన చేస్తుంటిమి, తనే కావాలని గట్టిగ తిప్పింది అంటుండు. వనపర్తిల పెట్టబోయే క్లాసు వాడికి అప్పజెప్తున్నని నీకు కుళ్లంట.”

“మీరు నమ్మిండ్రా?”

“తేజా, కొంచెం కూసో.”

“నమ్మిండ్రా అంటున్న.”

“నమ్మినట్టే చెప్పిన.”

“అంటే నమ్మలే.”

“నువ్వు ముందు ఊపిరి చూసుకో. పైపైన తీస్తున్నవు, మళ్ల దగ్గొస్తది. పొత్తికడుపులకెల్లి—”

“ఇయ్యాల ఊపిరి గురించి చెప్పొద్దు మాస్టర్. ఇంకేదన్న చెప్పండి.”

“నీ మంచికే అంటున్న.”

“ఎరికే. ఉబ్బసంతోని బడి మెట్లు గూడ ఎక్కలేకపోతుంటే అమ్మ మీ కాడ వదిలిపెట్టింది. వీపు మీద చెయ్యి పెట్టి, ‘కింది నుంచి తీయి బిడ్డా, తొందర లేదు’ అన్నరు. మా నాయిన పోయినంక నా వీపు మీద చెయ్యి పెట్టింది మీరొక్కరే. కదలకుండ నిలబెట్టి సాధన చేయించేటప్పుడు ఏం చెప్పేటోళ్లు? మనసుల ఒకటి, నోట్ల ఒకటి ఉన్నోడు ఎంతసేపు నిలబడ్డా ఊగుతనే ఉంటడని. కాళ్లు అబద్ధమాడవని. చేతులు, కాళ్లు ఆడించుడు ఎవరైన నేర్పుతరు, ఇది మనిషి నిలబడేది అని. నేను ఆ మాట పట్టుకొనే పెద్దగైన.”

“ఆ మాట అబద్ధం కాదు.”

“మాట కాదు. మాస్టర్, నా మొకం దిక్కు చూసి చెప్పండి. నాకు కోపమెక్కువనా?”

“కాదు.”

“ఎన్నడన్న ఎవరి మీదనన్న చెయ్యెత్తిన్నా? పక్కూరి పిల్లలు పోటీల అడ్డగోలుగ తన్నినప్పుడు గూడ?”

“ఎత్తలే. నా దగ్గర నేర్చుకున్నోళ్లల్ల నీ అంత నెమ్మది ఎవరికి లేదు.”

“అది ఎస్సైకి చెప్పాల్సింది.”

“చెప్తే వాడు జైలుకు పోతడు.”

“చెప్పకపోతే నేను పోత. కావాలని చెయ్యిరగ్గొట్టిందని నా మీద గూడ ఫిర్యాదు రాసిచ్చిండు మీ కొడుకు. అది గూడ మీరు పక్కన నిలబడంగనే.”

“అంతదాంక రానియ్యను. మధ్యల నేనున్న గదా.”

“మీరు మధ్యల లేరు మాస్టర్. అవతల దిక్కున్నరు. ఇంకొకటి అడుగుత. దసరా కాడికెల్లి రోజు, అందరు పోయినంక నన్నొక్కదాన్నే ఉంచి ఈ వెనక పట్టే ఎందుకు నేర్పిండ్రు?”

“దాంట్ల నువ్వు కచ్చాగ ఉంటివి.”

“మిగిలినోళ్లు ఇంకా కచ్చాగ ఉండిరి. వాళ్లనుంచలే.”

“నువ్వు రేపు నేర్పాల్సిన దానివి.”

“జితేందర్‌ను నాకు జోడి ఎప్పుడన్న పెట్టిండ్రా? నేనే ఒకసారి అడిగిన. ‘వాడు బరువు, నువ్వు తేలిక, వద్దు’ అన్నరు. బరువున్నోని తోనే గదా నేర్వాలె. అప్పుడు తట్టలే, ఇప్పుడు తడుతుంది. మీరే నా వెనక నిలబడి పట్టుకునేది. ‘ఇంకా గట్టిగ తిప్పు. ఎవరైతే ఏంది? చెయ్యిరిగినా ఇడువకు’ అనేది. ఎవరైతే ఏంది అన్నరు మాస్టర్. మీ మనసుల ఎవరుండిరి?”

“ఎవరుంటరు, ఊకే అన్న మాట.”

“చెప్పు. పిల్ల అడుగుతుంది.”

“నువ్వూకో భాగ్యా.”

“ఊకునే ఉన్న.”

“మాస్టర్, పెద్దమ్మ గూడ అడుగుతుంది.”

“నీకు సింధూజ యాదికుందా?”

“కొల్లాపూర్ పిల్ల. హాస్టల్ల ఉండి చదువుకుంటుండె. మోకాలు నొప్పని మానేసింది. మీరే చెప్పిండ్రు అందరికి.”

“మోకాలు కాదు.”

“ఏంది మరి?”

“నేను కొల్లాపూర్ పోయిన. వాళ్ల నాయిన మామిడితోటల ఉంటే ఆన్నే కాళ్లు పట్టుకున్న. పిల్ల పేరు బయటికి రావద్దని ఆయనే అన్నడు. నాకదే మంచిగయ్యింది.”

“అంటే జితేందర్... సింధూజను గూడ?”

“ఆ పిల్ల నీకంటె సన్నగుంటుండె. విడిపించుకోలేకపోయింది.”

“నాకు ఫోన్ చేసిందామె. చానసార్లు. ‘అక్కా, క్లాసు మంచిగ నడుస్తుందా?’ అని అడుగుతుండె. మధ్యల ఆగిపోతుండె. నేను పిచ్చిదాన్ని, మోకాలెట్లుందని అడిగేది.”

“ఇంటికొచ్చి వాణ్ణి కొట్టిన. కట్టె ఇరిగేదాంక కొట్టిన. ఒట్టేయించిన. మారిండనుకున్న. కాదు, అనుకుందామనుకున్న. ఒక్కడే కొడుకు, వెళ్లగొట్టనీకె చేతులు రాలే. తర్వాత వాడు నిన్ను చూసే చూపు నా కండ్లపడ్డది. అప్పటి సంది నిద్ర లేదు. అందుకే నేర్పిన. వాణ్ణి ఆపలేక నీకు చేతులిచ్చిన తేజా. పనికొచ్చినయి గదా. నువ్వు బయటపడ్డవు గదా.”

“చేతులియ్యలే మాస్టర్. చెయ్యిచ్చిండ్రు.”

“గట్లనకు.”

“ఒక్క మాట చెప్పుంటే అయిపోతుండె. ‘వాడున్న కాడ ఒక్కదానివి ఉండకు’ అని. ఒక్క మాట. అది చెప్పనీకె నోరు రాలే గని, అన్ని నెలలు పట్టు నేర్పనీకె ఓపికుండె. ఆ ఐతారం కట్టెలు నేను పెట్టొస్త అని ఫోన్ చేస్తే ‘పెట్టు బిడ్డా’ అన్నరు.”

“వాడు వనపర్తి పోయిండనుకున్న. మా అమ్మ మీద ఒట్టు.”

“నన్నొక్కదాన్నే ఉంచి నేర్పుతుంటే నేనేమనుకున్ననో తెల్సా? నేనంటే ప్రత్యేకం అనుకున్న. అమ్మకు చెప్పి మురిసిన. మాస్టర్ తనకున్నదంత నాకే ఇస్తుండు, తన తర్వాత నేనే అనుకుంటుండని. మీరు కుక్కను కట్టెయ్యకుండ నా చేతికి కట్టె ఇచ్చిండ్రు. గంతే.”

“నా కొడుకును కుక్క అనకు.”

“సరే, అనను. అది మాత్రం మీకు తగిలింది.”

“తేజా, నా మాట ఇను. కేసు వాపస్ తీసుకో. వాణ్ణి పుణెల మా బామ్మర్ది కాడికి తోలుత. మళ్ల గద్వాల్ల కనపడడు. క్లాసంత నీకే అప్పజెప్త. పొద్దున ముసలోళ్లది, సాయంత్రం పిల్లలది, వనపర్తిది గూడ. నువ్వే నడుపుకో. నేను కాలు పెట్ట.”

“పుణెల ఆడపిల్లలు లేరా మాస్టర్?”

“ఆడ మా బామ్మర్ది కనిపెట్టుకొని ఉంటడు.”

“అక్కడెవరికి వెనక పట్టు నేర్పనీకె పోతరు?”

“ఎట్ల చేయమంటవు మరి? నువ్వే చెప్పు. నా జాగల నువ్వుంటే ఏం చేస్తుంటివి?”

“తెల్వదు. మీ జాగల నిలబడుడు మీరు నేర్పలే నాకు. వాపస్ తీసుకోకపోతే ఏమైతదో అది చెప్పండి.”

“నేను చెప్పిందే నిలబడతది. బెదిరిస్తలేను బిడ్డా, ఉన్నది చెప్తున్న. చూసినోళ్లు ఎవరు లేరు. నీదొక మాట, వానిదొక మాట. మధ్యల నాది. ఈ ఊర్ల ఎంతమందికి నేర్పిన్నో నీకెరుకనే. నడుము నొప్పులని, షుగరని వచ్చినోళ్లంత నా మాట మీదనే ఉంటరు. నా మాట తీసేసెటోళ్లు లేరు.”

“మీ నోటెంబడి గిట్ల ఇంటననుకోలే.”

“నేను గూడ అంటననుకోలే.”

“అయితే సరే. నేను పోత. వాపస్ మాత్రం తీసుకోను. మీ మాట పెద్దదైతే పెద్దదే కానియ్యండి. సింధూజకు ఫోన్ చేసి అడుగుత.”

“ఆ పిల్లను ఇందుట్లకు లాగకు. పెండ్లి చూపులు చూస్తుండ్రంట.”

“లాగను. అడుగుత. వస్త అంటే వస్తది, రాను అంటే లేదు. మీరెన్నడన్న అడిగిండ్రా ఆమెను? వాళ్ల నాయిన కాళ్లు పట్టుకున్నరు గని, ఆ పిల్ల మొకం చూసి ఎట్లున్నవమ్మా అని అడిగిండ్రా?”

“లేదు.”

“పోతున్న.”

“తేజా, ఆగు బిడ్డా.”

“పెద్దమ్మా, నిన్ననేదేం లేదు. నీ చేతి బువ్వ తిన్నదాన్ని. నీకు నీ కొడుకుంటడు, నాకెరికే.”

“నా కొడుకే. అందుకే ఆగమంటున్న. ఇట్లొచ్చి నా పక్కన కూసో. నువ్వు ఒక్కదానివి పోయే పని లేదు.”

“ఏమంటున్నవు భాగ్యా?”

“చూసినోళ్లు లేరంటివి గదా. నేను చూసిన.”

“ఏం చూసినవు?”

“మేడ మీద జొన్నలు ఆరపోస్తుంటి. వీడు షెడ్డు గోడ సాటుకు నిలబడి ఉన్నడు. ఎందుకు నిలబడ్డడో నాకు సమజ్ కాలే. పిల్ల కట్టెలు పట్టుకొని లోపలికి పోయింది. వెనకనే వీడు పోయిండు, తలుపు మూసిండు. నేను జొన్నలు ఆన్నే ఇడిసి మెట్లు దిగుతున్న. సగం దిగేసరికి పిల్ల తలుపు తెరుచుకొని ఉరికింది. సాధననంట. సాధనకు గొళ్లెమెందుకు?”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అడగలే. ఐతారం నుంచి ఇంట్ల అందరితోని మాట్లాడినవు, ఫోన్లల్ల ఊరందరితోని మాట్లాడినవు. భాగ్యా, నువ్వేమన్న చూసినవా అని ఒక్కసారి అడిగినవా? అడిగితే చెప్పాల్సొస్తదని నీకు భయం. చెప్తే నువ్వు నా మాట గూడ మారుస్తవని నాకు భయం.”

“భాగ్యా, వాడు నీ కడుపున పుట్టినోడు.”

“ఆ సింధూజ గూడ ఒకరి కడుపున పుట్టిందే. దాని సంగతి నాకు చెప్పలే నువ్వు. మోకాలు నొప్పనే నాకు గూడ చెప్పినవు. నేను నమ్మి, ఆ పిల్లకు నువ్వుల నూనె పంపిన మోకాలికి పెట్టుకోమని. ఇప్పుడు ఇంటుంటే నా పానం ఎట్లయితుందో నీకు ఎరికేనా?”

“సరే, తప్పయింది. ఇగ ఇప్పుడేం చేద్దామంటవు? నాతోని మాట్లాడుకొని చేద్దాం. రేపు పొద్దుగాల నిమ్మళంగ కూసొని—”

“ఇంక మాట్లాడుకునేది లేదు. లేసి పోయి వాణ్ణి లేపు. మంచి అంగీ తొడుగు, కట్టున్న చెయ్యి ముందు ఎక్కియ్యి, లేకుంటే నొస్తది. ఇందాక చిక్కుడుకాయలకని పోయి, ఠాణాల చూసింది చూసినట్టు చెప్పొచ్చిన. ఎస్సై జీపు తోలుతనన్నడు, వచ్చే యాళ్లయింది.”